రిపేరుకి ముందు ఇలా లేదండీ

ఆంప్లిఫయర్ రిపేరు చేసి ఇచ్చిన మూడో రోజుకి మనిషి తిరిగి వస్తాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా చూస్తున్నాను. చేతిలో ఏమీ ఉండదు, ముఖం మాత్రం వేలాడుతూ ఉంటుంది. "రిపేరుకి ముందు ఇలా లేదండీ" అంటాడు.

ముందు ఎలా ఉండేదో నాకు తెలుసు. ముందు అసలు పలికేదే కాదు. పొగ వచ్చేది. ఆ పొగ సంగతి మర్చిపోయి, అందులోంచి అమృతం కారేదన్నట్టు మాట్లాడతాడు. ఒకడికి సౌండు పల్చబడిందట. ఇంకొకడికి చిక్కబడిందట. గంజి అనుకున్నారా? ఒకావిడైతే, "ముందు పాడేవాళ్ళు మా సోఫాలో కూచుని పాడినట్టుండేది, ఇప్పుడు వీధి గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ పాడినట్టుంది" అంది. ఆ ఇంట్లో పది నిమిషాలు కూచుంటే నేనూ చెప్పులేసుకుంటాను.

వీళ్ళందరికీ నా దగ్గర ఒకటే జవాబు. "ఆంప్లిఫయర్ బాగానే ఉంది. మీ చెవి చూపించుకోండి."

ఈ మాట అనడంలో నాకో సుఖం ఉండేది, దాచడం దేనికి. ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఇస్త్రీ చొక్కాల వాళ్ళని డాక్టరు దగ్గరికి పంపే అధికారం నాకు ఇంకెక్కడ దొరుకుతుంది?

నా షాపు ఒకటే గది. మూడు వైపులా అరలు, అరల నిండా పొట్ట విప్పిన ఆంప్లిఫయర్లు, మధ్యలో బల్ల, ఎదురు గోడకి రెండు స్పీకర్లు. కుడివైపు గోడకి అవతల వడ్రంగి షాపు. వాడి రంపం మిషను తిరిగిందంటే నా గ్లాసులో టీ కూడా వణుకుతుంది. రిపేరు పూర్తయిన ఆంప్లిఫయర్‌లో, పాట పెట్టక ముందు, సన్నగా 'స్స్' మని ఒక చప్పుడు ఉంటుంది. అది ఎంత తక్కువుంటే పని అంత శుభ్రంగా జరిగినట్టు. అది వినాలంటే రంపం వినబడకూడదు. అందుకని కుడి చెవిలో దూది కుక్కుకుని, ఎడమ చెవి స్పీకరుకి ఆనించి, ఊపిరి బిగబట్టి వింటాను. ఆ సంగతి తేలాక దూది తీసేసి, రెండు స్పీకర్లకీ సరిగ్గా మధ్యలో ఉన్న స్టూలు మీద కూర్చుని ఒక పాట పెడతాను. పాడే గొంతు సరిగ్గా నా ముక్కుకి ఎదురుగా, గోడ మధ్యలోంచి రావాలి. అటో ఇటో జరిగినట్టనిపిస్తే, లోపల ఒక చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని తిప్పి గొంతుని మధ్యకి లాక్కొస్తాను. అప్పుడే మూత బిగిస్తాను.

ఈ పనికి మీటరు కూడా ఉంది. మా బావమరిది ఎప్పుడో కొనిచ్చాడు. డబ్బా సీలు కూడా తియ్యలేదు. చెవి లేనివాళ్ళకి మీటరు కావాలి గానీ నాకెందుకు, అనేవాణ్ణి.

మూడు నెలలుగా ఇంట్లో కూడా ప్రశాంతంగా ఉంది. మా ఆవిడ సాధింపులు తగ్గాయి. వయసుతో మెత్తబడింది అనుకున్నాను. నాకు కూడా ఓర్పు పెరిగింది, మంచి మనిషినవుతున్నాను అనుకున్నాను. నిజమేమిటంటే మా ఆవిడ వంటింట్లో నిలబడేదీ, భోజనానికి కూర్చునేదీ, మంచం మీద పడుకునేదీ నాకు కుడి పక్కనే.

ఆ రోజు పొద్దున పాలు పొంగి, స్టవ్వు ఆరిపోకుండా గిన్నె మాడి, ఇల్లంతా కంపు. నేను స్టవ్వుకి రెండడుగుల దూరంలో కూర్చుని పేపరు చదువుతున్నాను.

"ఏవండీ! స్నానాల గదిలోంచి గొంతు చించుకున్నాను. స్టవ్వు కట్టెయ్యమని ఎన్నిసార్లు అరవాలి?"

"అరిచావా? ఎప్పుడు?"

"మూడు నెలల్నించీ గోడతో కాపురం చేస్తున్నాను" అంది. "గోడే నయం. అర్థమైనట్టు తల ఊపదు."

పది నిమిషాల్లో తమ్ముడికి ఫోను చేసింది. అరగంటలో వాడు స్కూటరు వేసుకుని గుమ్మంలో ఉన్నాడు. మా బావమరిది అక్క మాట జవదాటడు, నాకున్న కష్టాల్లో అదొకటి.

"బావా, ఎక్కు. చెవుల డాక్టరు దగ్గరికి."

"నా చెవులకేం రోగం? ఊరి ఆంప్లిఫయర్లన్నీ ఈ చెవుల మీద బతుకుతున్నాయి."

"ఎక్కు బావా, నాకు టైం లేదు. సాయంత్రం ఐదింటికి మా పాప వాళ్ళ పాటల స్కూల్లో సభ. టీచరమ్మ మానేస్తోందిగా."

"ఏ టీచరమ్మ?"

"ఇంకెవరు, పెద్ద టీచరమ్మే. ఎడమ చెవి పోయిందట పాపం. ఇవాళ రాజీనామా ఉత్తరం సభలో చదువుతారు. ఆవిడ చోట్లోకి ఇంకెవరినో తీసుకున్నారు కూడా."

"ఆవిడ చెవి పోయిందని కనిపెట్టిందే నేనురా" అన్నాను, స్కూటరెక్కుతూ. కొంచెం గర్వంగానే అన్నాను.

అది నిజం. టీచరమ్మ తన ఆంప్లిఫయర్ కరకరలాడుతోందని పది వారాల క్రితం నా దగ్గరికి పంపింది. బాగుచేసి ఇచ్చాను. వారానికి ఆవిడే స్వయంగా డబ్బాతో సహా రిక్షాలో వచ్చింది. "కరకర పోయిందయ్యా, అద్దంలా ఉంది. కానీ ఎడమవైపు సన్నగా వినిపిస్తోంది" అంది. నేను స్టూలు మీద కూర్చుని విన్నాను. గొంతు సరిగ్గా మధ్యలో ఉంది, దారం పట్టి కొలిచినట్టు. "ఆంప్లిఫయర్ బాగానే ఉంది. మీ చెవి చూపించుకోండి" అన్నాను. ఆవిడ ముఖం పాలిపోయింది. "మా అమ్మకీ ఈ వయసులోనే మొదలైంది. ఎడమ చెవితోనే" అంది. డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళలేదట. వాళ్ళమ్మని తిప్పినన్నాళ్ళు తిప్పి, చివరికి చేతులు కట్టుకుని ఇంటికొచ్చారట. తెలిసిన సంగతి మళ్ళీ ఒక తెల్లకోటు నోట వినడం దేనికని.

మధ్యాహ్నం రెండింటిదాకా బెంచీ మీద కూర్చోబెట్టి పిలిచారు. చెవుల డాక్టరమ్మ చిన్న పిల్ల. నన్ను "అంకుల్" అంది, అది కూడా ఎడమవైపు నిలబడింది కాబట్టి వినబడింది. తల ఒక పక్కకి వంచి, లైటు వేసి చూసి, "అరె" అంది. ఒక సన్నటి పట్టకారు లోపలికి పోనిచ్చింది. ఏదో కదిలింది. పెద్ద బీరువాని తలలో ఒక గదిలోంచి ఇంకో గదికి జరుపుతున్నట్టు గర్రుమంది.

"దూది, అంకుల్. తీసేటప్పుడు తెగి లోపలే ఉండిపోయింది."

నల్లగా, చింతగింజంత ఉంది. ట్రేలో పెట్టి మళ్ళీ వంగింది.

"ఇంకోటి కూడా ఉంది! మొదటిదాన్ని రెండోది లోపలికి తోసినట్టుంది. ఎన్నాళ్ళుగా కాపురముంటున్నాయి ఇవి?"

ఆ రెండోది బయటికి వచ్చిన క్షణంలో ప్రపంచం కుడివైపునించి నా మీద పడింది.

గడియారం ముల్లు. డాక్టరమ్మ కోటు చెయ్యి ఆమె నడుముకి రాసుకోవడం. బయట బెంచీ మీద ఎవరో పెద్దాయన గోళ్ళతో గడ్డం గోక్కోవడం, ఒక్కో వెంట్రుకా! పంపులోంచి నీటి చుక్క పడే ముందు ఒక చిన్న తటపటాయింపు ఉంటుంది, దానికి కూడా చప్పుడుంది. నేను పకపకా నవ్వాను. నా నవ్వు నాకే కొత్తగా ఉంది. బాగుంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఎవరికీ ఇవ్వకుండా దాచుకున్న నవ్వు కదా, తుప్పు పట్టి ఉంటుందనుకున్నాను.

"ఈ రెండూ కాగితంలో చుట్టివ్వమ్మా" అన్నాను.

"ఎందుకంకుల్?"

"మా ఆవిడకి చూపించాలి. ఉట్టి మాట నమ్మదు."

దారంతా నేను స్కూటరు వెనక ఒళ్ళు తెలియకుండా ఊగుతూనే ఉన్నాను. "ఒరేయ్, నీ వెనక చక్రం దగ్గర ఒక నట్టు వదులైంది!"

"ఏడాదిగా వదులే బావా."

"ఆకులు! చెట్టు కింద ఆపరా! అబ్బ, ఒక్కో ఆకూ ఒక్కోలా కొట్టుకుంటోంది. ఆ తోపుడుబండి వాడి జేబులో చిల్లర వింటున్నావా?"

"నాకు హారన్లు వినిపిస్తున్నాయి బావా. మనకే కొడుతున్నారు."

ఇంటికి కాదు, ముందు షాపుకి పొమ్మన్నాను. నిన్న పూర్తి చేసిన ఆంప్లిఫయర్ ఒకటి బల్ల మీద ఉంది. నా చేతి పనిని రెండు చెవులతో వినాలి, అప్పుడే, ఆ క్షణమే. స్టూలు మీద కూర్చున్నాను. పాట పెట్టాను.

పాడే ఆవిడ నా ముక్కుకి ఎదురుగా లేదు. కుడి స్పీకరు దాటి, గోడ దాటి, వడ్రంగి షాపులో చెక్కపొట్టు మీద కూచుని పాడుతున్నట్టుంది.

"ఒరేయ్" అన్నాను, "ఆ డాక్టరమ్మ నా ఎడమ చెవి పాడుచేసిందిరా!"

"నాకూ అటేపే వినిపిస్తోంది బావా" అన్నాడు వాడు.

లేచి, స్పీకర్లకి వీపు పెట్టి నిలబడ్డాను. ఇప్పుడు గొంతు నా ఎడమ చెవిలోకి వచ్చింది. చెవి చెడితే, మనిషి ఎటు తిరిగినా చెడ్డ చెవి చెడ్డదే. నేను తిరిగితే సౌండు కూడా తిరిగిందంటే తప్పు నా తలలో లేదు, పెట్టెలో ఉంది. పద్నాలుగేళ్ళ వయసులో మా గురువు నేర్పిన మొదటి కిటుకు ఇది. నేను వెళ్ళి మీటరు డబ్బా సీలు చింపాను. బావమరిది తను కొనిచ్చిన ఆ డబ్బానీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

కుడివైపు ఎడమవైపుకి రెండింతల పైన ఉంది.

కుడి చెవిలో దూది పెట్టుకుని కూర్చుని, కుడి తక్కువైందని, స్క్రూ తిప్పీ తిప్పీ కుడికి పెంచాను. ఒక్కటి కాదు. మూడు నెలల్లో నా బల్ల మీదనించి దిగిన ప్రతిదీ. వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. పదకొండు.

నాలుగో వేలు మంగలి షాపుది. కుర్చీలో కూచున్నవాళ్ళంతా పాట వినడానికి తల ఒక పక్కకి వాలుస్తున్నారని, ఎంత సరిచేసినా మళ్ళీ వాలుస్తున్నారని మంగలి వచ్చి మొత్తుకున్నాడు. చెవి చూపించుకోమన్నాను. నేను మా బావమరిది ముఖం వైపు చూశాను. వాడి కుడి చెంప కటింగు ఎడమదానికంటే అర అంగుళం పైకుంది.

"ఏంటి బావా, అలా చూస్తావ్?"

నాకు నవ్వు ముంచుకొచ్చింది. బల్ల పట్టుకుని నవ్వాను. తొమ్మిదో వేలు దాకా నవ్వుతూనే ఉన్నాను. పదో వేలు టీచరమ్మ.

"టైమెంతైంది?"

"మూడున్నర."

"తియ్యరా బండి!"

టీచరమ్మ ఇంట్లో ముందు గది చిన్నది. నేల మీద పరిచిన చాప, గోడకి దిగ్గొట్టిన రెండు స్పీకర్లు, వాటికి ఎదురుగా కదలకుండా ఒక పాత చెక్క కుర్చీ. ఆవిడ మంచి చీర కట్టుకుని, సభలో చదవాల్సిన కాగితం చేతిలో పట్టుకుని అందులో కూర్చునుంది. పాతికేళ్ళుగా ఒకే కుర్చీ, ఒకే వైపు ముఖం. ఒక్కసారి వెనక్కి తిరిగి కూర్చుని ఉంటే తెలిసిపోయేది. ఎవరు మాత్రం స్పీకర్లకి వీపు పెట్టి పాట వింటారు?

"రావయ్యా. నువ్వూ వస్తున్నావా సభకి?"

"టీచరమ్మా, ఒక పాట పెట్టండి."

"ఇప్పుడా? నాకింక పాటలెందుకయ్యా. నువ్వు చెప్పినప్పట్నించీ ఎడమవైపు కూచున్న పిల్లలు పాడుతుంటే గొణుగుతున్నట్టుంటోంది. ఎవరు శ్రుతి తప్పారో తెలియకుండా టీచరు కుర్చీలో కూర్చుంటే, వాళ్ళకి పాఠం చెప్పినట్టా, పాడుచేసినట్టా?"

"పెట్టండమ్మా. మీకు దణ్ణం పెడతాను."

నా గొంతులో ఏం విన్నదో గానీ పెట్టింది.

"ఎటువైపు ఎక్కువ?"

"కుడి. నువ్వే కదా చెప్పావు ఎడమది పోయిందని. ఏడిపించడానికి వచ్చావా?"

"లేవండి. లేచి వెనక్కి తిరగండి. అలా. వీపు స్పీకర్లకి. ఇప్పుడు?"

ఆవిడ తల ఒకసారి ఇటూ ఒకసారి అటూ వంచి విన్నది.

"ఎటు టీచరమ్మా?"

"ఎడమ" అంది నెమ్మదిగా. తర్వాత అరిచింది. "ఎడమ చెవిలో మోగిపోతోందయ్యా!"

మళ్ళీ స్పీకర్ల వైపు తిరిగింది. "కుడి!" మళ్ళీ వెనక్కి. "ఎడమ!" ఇంక ఆగలేదు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, చాప మధ్యలో గిర్రున తిరగడం మొదలుపెట్టింది. "కుడి! ఎడమ! కుడి! ఎడమ!" చాప ఆవిడ కాళ్ళ కింద చుట్టుకుపోతోంది. మా బావమరిది గోడకి అతుక్కుపోయాడు.

"కళ్ళు తిరుగుతున్నాయయ్యా, పట్టుకో!"

పట్టుకున్నాను. కుర్చీలో కూలబడి ఆయాసపడుతూ, కళ్ళు తుడుచుకుంటూ, నవ్వుతూ, ఉన్నట్టుండి ఆగింది.

"అయితే మరి ఎవరి చెవయ్యా పోయింది?"

నేను జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పాను. రెండు నల్లటి ఉండలు.

"నాదమ్మా."

ఆవిడ వాటిని చూసింది. నన్ను చూసింది. ఎక్కడ మొదలై ఎక్కడ తేలిందో నేను పూర్తిగా చెప్పేదాకా రెప్ప వెయ్యలేదు. చివర్న చేతిలో ఉన్న ఉపన్యాసం కాగితాన్ని చుట్టగా చుట్టి, నా భుజం మీద ఒకటి వేసింది. తర్వాత ఇంకోటి.

"తొమ్మిది వారాలయ్యా! తొమ్మిది వారాలు నేను ఫోను ఈ చెవికి పెట్టుకోవడం మానేశాను! మా అమ్మని తలుచుకుని ఎన్ని రోజులు ఏడ్చానో తెలుసా? చెవి చూపించుకోవాలా నేను?"

"కొట్టండమ్మా."

"కొడుతూనే ఉన్నాగా!"

మా బావమరిది గడియారం చూపించాడు. నాలుగూ ఇరవై.

"పద" అందావిడ లేచి. "ఇది నేను చెబితే ఎవరూ నమ్మరు. కుర్చీ వదల్లేక కథలు అల్లుతోందంటారు. ఉత్తరం చదవక ముందు నువ్వే చెప్పాలి. మైకులో."

నా నవ్వు అక్కడ కొంచెం తడబడింది. ఆ హాలులో కూర్చునేవాళ్ళలో సగం మంది నాకు ఆంప్లిఫయర్లు ఇచ్చేవాళ్ళే. ఈ ఊళ్ళో నాకు సొంత ఇల్లు లేదు, చదువు లేదు. ఫలానా వాడి చెవి గొప్పది అనే ఒక్క మాట ఉంది.

"బావా, విడిగా ప్రిన్సిపాల్ గారికి చెబితే సరిపోదా?" అన్నాడు బావమరిది మెల్లగా.

టీచరమ్మ బతిమాలలేదు. చీర సర్దుకుంటూ, గొంతు బాగుందో లేదో చూసుకోవడానికన్నట్టు, చిన్నగా ఒక స్వరం తీసింది. అంతే. అది గది మధ్యలో, సరిగ్గా నా ముక్కుకి ఎదురుగా, కొవ్వొత్తి వెలుగులా నిలబడింది.

"మైకులోనే చెబుతాను" అన్నాను.

హాలు నిండిపోయింది. ప్రిన్సిపాల్ ఉత్తరం విప్పుతుంటే నేను మెట్లెక్కి మైకు పట్టుకున్నాను. ఆయన నన్ను మైకు బాగుచెయ్యడానికి వచ్చాననుకుని పక్కకి జరిగి దారిచ్చాడు.

"అందరికీ నమస్కారం. టీచరమ్మ చెవి బాగానే ఉంది" అన్నాను. "రెండు చెవులూ. నేను చూపించుకోమన్న చెవులన్నీ బాగానే ఉన్నాయి. నా చెవిలో దూది ఉంది. మూడు నెలలుగా ఉంది. ఇదిగో."

పొట్లం విప్పి ఎత్తి చూపించాను. వెనక వరసల వాళ్ళు లేచి నిలబడ్డారు. వడ్రంగి రంపం, స్టూలు, స్క్రూ, పదకొండు ఆంప్లిఫయర్లు, కుడివైపుకి ఒరిగిపోయిన ఊరు, అన్నీ చెప్పాను. "మీరు రిపేరుకి ముందు ఇలా లేదండీ అన్నప్పుడు, నిజంగానే ముందు అలా లేదు" అన్నాను. ఆ మాట నా నోటినుంచి ఇరవై ఎనిమిదేళ్ళలో మొదటిసారి వచ్చింది.

స్పీకర్లలో 'స్స్' మనే చప్పుడు వినబడింది. ఈ మైకు సెట్టు నేను రిపేరు చేసింది కాదు, ఆ చప్పుడు చాలా ఎక్కువుంది. సరిగ్గా ఆ సంగతి పైకి అనబోతుంటే ముందు వరసలో ఒక పాప కిసుక్కుమంది. తర్వాత హాలు మొత్తం నవ్వుతో పేలింది. టీచరమ్మ వేదిక మీదికొచ్చి ప్రిన్సిపాల్ చేతిలోంచి ఉత్తరం లాక్కుంది. ఆయన ఆ ఉత్తరానికి ఇంకో కొస పట్టుకుని, "మరి కొత్తగా తీసుకున్న ఆవిడ..." అంటున్నాడు. "ఆవిడకి చిన్నపిల్లల క్లాసులివ్వండి. సరళీ స్వరాలు చెప్పడానికి ఎంతమందున్నా చాలరు" అని ఈవిడ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసింది. చింపిన చప్పుడు మైకులో దివ్యంగా వచ్చింది. కన్నీళ్ళు తుడుచుకుంటున్న మా ఆవిడ మూడో వరసలో కనిపించింది. నవ్వి నవ్వి వచ్చినవి అవి. ఆవిణ్ణి ఎవరు పిలిచారో నాకు తెలియదు. అక్కా తమ్ముళ్ళ మధ్య రహస్యాలుండవు.

నవ్వు నా మీదికి రెండు వైపులనించీ వస్తోంది. నేను మధ్యలో నిలబడి కళ్ళు మూసుకున్నాను. కుడి ఎంతో ఎడమా అంతే. వెంట్రుకవాసి తేడా లేదు.

అప్పుడు వెనకనించి ఒక గొంతు లేచింది. "అయితే మా కటింగుల సంగతేంటి? నెల రోజుల్నించీ తిట్లు తింటున్నాను!"

"ఎడమవైపు, గోడ పక్కన, చివర్నించి రెండో వరస" అన్నాను, కళ్ళు తెరవకుండానే. "రేపు పొద్దున మీటరు పట్టుకొస్తాను. మీరు కత్తెర సిద్ధంగా పెట్టుకోండి. ముందు మా బావమరిదిది సరిచెయ్యాలి."